సర్జరీ అయిన డాషండ్‌కి వెనక కాళ్లు లేవట్లేదు, ఇంట్లో ఏం ఎక్సర్‌సైజులు చేయించాలి?

తెనాలి పిల్ల
మా కుక్క చింటూకి అయిదేళ్లు. డాషండ్. పోయిన నెల దివాన్ కాట్ మీంచి దూకాడు. అప్పటికి ఏమీ కాలేదు. సాయంత్రానికి నడుం గూనిగా పెట్టి నడిచాడు. తెల్లారేసరికి వెనక కాళ్లు రెండూ ఈడ్చుకుంటున్నాడు. హైదరాబాద్ తీసుకెళ్తే స్కాన్ తీసి, డిస్క్ జారి వెన్నుపాముని నొక్కుతోందన్నారు. మర్నాడే సర్జరీ. ఇవాళ్టికి 19 రోజులు. కుట్లు కూడా తీసేశారు.

సర్జరీ బాగానే చేశారు, దాని గురించి కాదు నా బాధ. డిశ్చార్జ్ కాగితంలో మందులన్నీ రాసి చివర్లో ఒకే ఒక్క లైను: "రెస్ట్, ఫిజియోథెరపీ." రెస్ట్ అంటే కదలకుండా ఉంచాలి కదా, ఫిజియోథెరపీ అంటే కదిలించాలి కదా? రెండూ ఒకేసారి ఎలా? ఫోన్ చేస్తే "కాళ్లు ఆడించండమ్మా" అని పెట్టేశారు. ఎలా ఆడించాలి, ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎవరూ చెప్పలేదు. నేను కాలు పట్టుకోగానే మా అత్తయ్య "మూగజీవిని ఎందుకే అలా హింసపెడతావు" అని పక్క గదిలోకి వెళ్లిపోతున్నారు.

తోక కొద్దిగా ఆడిస్తున్నాడు. నిలబెడితే కూలబడిపోతాడు. పాదం తిరగబడి పైభాగం నేలకి ఆనుతోంది. వీడియోల్లో చూస్తే అందరూ నీళ్ల ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తున్నారు. తెనాలిలో అది ఎక్కడ దొరుకుతుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ల్యాబ్ నాన్న
కదపొద్దు. మా రాకీకి మోకాలి లిగమెంట్ తెగి సర్జరీ అయినప్పుడు ఎనిమిది వారాలు బోనులోనే ఉంచాను, యూరిన్‌కి తప్ప బయటికి తీయలేదు. ఇప్పుడు నడుస్తున్నాడు. మీది వెన్ను కేసు, ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అత్తయ్యగారు చెప్పిందే కరెక్టు.

కరీంనగర్ కుర్రాడు
అక్కా, యూరిన్ తనంతట తనే పోస్తున్నాడా? మా ఫ్రెండ్ వాళ్ల పగ్‌కి ఇదే అయింది. కాళ్ల గురించే చూసుకున్నారు, బ్లాడర్ సంగతి పట్టించుకోలేదు. ఇన్‌ఫెక్షన్ వచ్చి మస్తు ఇబ్బంది పడ్డాడు.

తెనాలి పిల్ల
పోస్తున్నాడు తమ్ముడూ. ఎత్తుకున్నప్పుడు కూడా చుక్కలు చుక్కలుగా పడుతోంది.

డా. మూగజీవి
నేను పశువైద్యుణ్ని, కృష్ణా జిల్లాలో ప్రాక్టీస్. చూడకుండా వైద్యం చెప్పను. కానీ ఇందులో కొన్ని విషయాలు ఇవాళే తెలియాలి.

ముందు ఆ చుక్కల సంగతి. ఎత్తుకుంటే చుక్కలు పడుతున్నాయంటే యూరిన్ పోస్తున్నాడని కాదు. బ్లాడర్ నిండిపోయి పొంగి కారుతూ ఉండొచ్చు. రేపే దగ్గర్లోని డాక్టర్‌కి చూపించి, పొట్ట నొక్కి ఖాళీ చేయడం ఎలాగో మీ చేతులతో ఆయన ముందే చేసి నేర్చుకోండి. అవసరమైతే ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి చేయాలి. దీని తర్వాతే ఎక్సర్‌సైజులు.

ఇక రెస్ట్, ఫిజియో రెండూ ఒకేసారి ఎలా అన్నారు. మంచి ప్రశ్న, చాలామంది అడగరు. రెస్ట్ అంటే కుక్క తన ఇష్టానికి చేసేవి ఆపడం: దూకడం, పరుగు, మెట్లు, కాలింగ్ బెల్ మోగగానే ఎగరడం. ఫిజియో అంటే మీ చేతుల్లో, మీ లెక్కలో జరిగే కదలిక. బోనులో ఉన్న కుక్కకి రోజుకి మూడుసార్లు మీరు కాళ్లు ఆడించడం రెస్ట్‌ని చెడగొట్టదు. కదలని కండ రోజుల్లోనే కరగడం మొదలుపెడుతుంది, కీలు బిగుసుకుంటుంది. నరం కోలుకునేసరికి కాలు పనికొచ్చే స్థితిలో ఉండాలి కదా.

డాషండ్లకి ఈ డిస్క్ జబ్బు ఎక్కువ. వాటి పొట్టి కాళ్లకి కారణమైన జన్యుమార్పే వెన్ను డిస్కులను చిన్న వయసులోనే గట్టిపడేలా చేస్తుంది. దివాన్ కాట్ దూకడం ఆఖరి దెబ్బ మాత్రమే, డిస్క్ ఎప్పుడో పాడైపోయి ఉంటుంది. మీరు తప్పు చేశానని కుమిలిపోకండి.

ఒకటి చెప్పండి. సర్జరీకి ముందు వెనక కాలి వేలు గట్టిగా నొక్కి చూశారా? అప్పుడు వాడు ఏం చేశాడు?

తెనాలి పిల్ల
చూశారు డాక్టర్ గారూ. చిమటాలాంటి దానితో నొక్కారు. తల తిప్పి కరవబోయాడు. డాక్టర్ నవ్వి "గుడ్" అన్నారు, నాకు అప్పుడు అర్థం కాలేదు.

డా. మూగజీవి
చాలా మంచి మాట చెప్పారు. నొక్కితే కాలు వెనక్కి లాక్కోవడం వేరు, తల తిప్పి చూడడం, మూలగడం, కరవబోవడం వేరు. మొదటిది వెన్నుపాము దగ్గరే జరిగే రిఫ్లెక్స్, మెదడుకి దాంతో పని లేదు. రెండోది జరిగిందంటే నొప్పి మెదడు దాకా చేరిందని అర్థం. అలా నొప్పి తెలిసే కుక్కల్లో సర్జరీ తర్వాత చాలా ఎక్కువ శాతం మళ్లీ నడుస్తాయి. నొప్పి తెలియని వాటిలో సర్జరీ చేసినా దాదాపు సగమే. చింటూ మొదటి గుంపులో ఉన్నాడు.

ఫిజియో రవళి
నేను మనుషుల ఫిజియోని, మా ఇంట్లో ఒక ఇండీ (దేశవాళీ కుక్క) ఉంది. కాళ్లు ఆడించడం ఎలాగో నాకు మా డాక్టర్ నేర్పింది చెప్తాను, తప్పుంటే డాక్టర్ గారు సరిదిద్దాలి.

కుక్కని పక్కకి పడుకోబెట్టండి, కింద మెత్తటి దుప్పటి. పైన ఉన్న కాలితో మొదలు. ఒక చెయ్యి కీలుకి పైన, ఒక చెయ్యి కింద. చేతుల్లో కాలి బరువు మొత్తం మోయాలి, వేలాడదీయకూడదు. ముందు వేళ్లు, తర్వాత మడమ, తర్వాత మోకాలు, ఆఖరికి తుంటి. ఒక్కోటి మెల్లగా మడిచి, మెల్లగా చాపండి, పదిసార్లు. తర్వాత కాలు మొత్తాన్ని సైకిల్ తొక్కినట్టు ఇంకో పదిసార్లు తిప్పండి. రెండో పక్కకి తిప్పి అదే చేయండి. మొత్తం పది, పన్నెండు నిమిషాలు. రోజుకి మూడుసార్లు.

ఎంత దూరం మడవాలి అంటే, కాలు ఎక్కడ బిగుసుకున్నట్టు అనిపిస్తే అక్కడ ఆగాలి. అవతలికి నెట్టకూడదు. మీ చేతికంటే ముందు వాడి మొహం చెప్తుంది: పెదాలు నాకడం, ఊపిరి బిగబట్టడం, తల మీ చేతివైపు తిప్పడం. అప్పుడు ఆపేయండి.

ఇంట్లో మనుషుల టెన్స్ మెషీన్ (చర్మానికి ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు పంపేది) ఉంటే తొడ కండకి పెట్టొచ్చు, కండ కరగకుండా ఉంటుంది.

డా. మూగజీవి
కాళ్లు ఆడించే పద్ధతి అంతా సరిగ్గా ఉంది అమ్మా, నేను కూడా ఇలాగే చెప్తాను. టెన్స్ దగ్గర మాత్రం ఒప్పుకోను. అది ముఖ్యంగా నొప్పి తగ్గించడానికి, కండ పెంచే సెట్టింగ్ వేరు. పైగా బొచ్చు మీద ప్యాడ్ సరిగ్గా అంటదు. మనిషైతే "చురుక్కుమంటోంది" అంటాడు, స్పర్శ సరిగ్గా లేని కుక్క చెప్పలేదు, చర్మం కాలుతుంది. అది క్లినిక్‌లోనే.

ఫిజియో రవళి
ఆ చర్మం సంగతి ఆలోచించలేదు. నిజమే. టెన్స్ వద్దు సుధ... సారీ, తెనాలి గారూ.

తెనాలి పిల్ల
పేరు ఎలా తెలిసిపోయింది అందరికీ, పర్లేదు లెండి.

పాడి రైతు
మా ఇళ్లల్లో ఎద్దుకి కాలు బెణికితే నువ్వుల నూనెలో కర్పూరం వేసి మరిగించి మర్దనా చేసేవాళ్లం. తర్వాత ఏటి ఇసకలో రోజూ కాసేపు నడిపించేవాడు మా నాన్న. ఎవరూ ఫిజియోథెరపీ అనలేదు కానీ అదే కదా ఇది? మా నాన్న ఒకటి అనేవాడు, ఎద్దు నడక చెవితో వినాలిరా అని. అడుగుల చప్పుడు సమంగా పడకపోతే ఏ కాలు కుంటుతోందో కళ్లు మూసుకుని చెప్పేవాడు.

డా. మూగజీవి
మీ నాన్నగారికి నా నమస్కారం. నడక చప్పుడు వినమని మాకూ క్లాసులో చెప్పారు. ఇసక నడక కూడా నిజమైన ఎక్సర్‌సైజే, కాలు ఎత్తి వేయాలి కాబట్టి కండకి పని ఎక్కువ. కాకపోతే అది చివరి మెట్టు. పడిపోకుండా నడిచే కుక్కకి.

కర్పూరం మాత్రం కుక్కలకి, పిల్లులకి వాడకండి. కుక్క రాసిన చోటంతా నాక్కుంటుంది. కర్పూరం కడుపులోకి వెళ్తే విషం, ఫిట్స్ వస్తాయి. మన తలనొప్పి బామ్‌లూ అంతే. ఏ నూనే లేకుండా పొడి చేత్తో నిమిరినా చాలు.

కరీంనగర్ కుర్రాడు
మా షెపర్డ్‌కి తుంటి కీళ్ల ప్రాబ్లం. మా మామ వాళ్ల చేను దగ్గర బావిలోకి దింపి ఈత కొట్టిస్తున్న. ట్రెడ్‌మిల్ లేకుంటే ఏంది, కాలువ లేదా అక్కా మీ దగ్గర? తెనాలి అంటేనే కాలువలు కదా.

డాలస్ బావ
తమ్ముడూ, ఈత వేరు, నీళ్ల ట్రెడ్‌మిల్ వేరు. మా గోల్డెన్ రిట్రీవర్ కుక్కకి ఇక్కడ రెండూ చేయించాం. ఈతలో కుక్క ఎక్కువగా ముందు కాళ్లతోనే లాగుతుంది, వెనక కాళ్లు బలహీనంగా ఉంటే ఊరికే వేలాడతాయి. ట్రెడ్‌మిల్‌లో పాదం కింద బెల్టు ఉంటుంది కాబట్టి వెనక కాలు అడుగు వేయక తప్పదు. అసలు గొప్పతనం నీటి ఎత్తులో ఉంది. మా థెరపిస్ట్ గోడ మీద చార్టు పెట్టింది: మడమ దాకా నీళ్లుంటే కుక్క తన బరువులో 91 శాతం మోస్తుంది, మోకాలి దాకా అయితే 85, తుంటి దాకా నింపితే 38 శాతమే. అంటే తుంటి దాకా నీళ్లలో 30 కిలోల కుక్క పదకొండు, పన్నెండు కిలోల కుక్కలా నడుస్తుంది. బలం వస్తున్నకొద్దీ నీళ్లు తగ్గిస్తారు.

ఇక్కడ దీనికి వేరే చదువే ఉంది. టెనెసీ యూనివర్సిటీ సర్టిఫికెట్ కోర్సు పెట్టింది, 2010లో పశువైద్యంలో స్పోర్ట్స్ మెడిసిన్, రిహాబిలిటేషన్‌ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించారు. అయినా మాకు వారానికి రెండు సెషన్లు మాత్రమే అక్కడ. మిగతా అయిదు రోజులు హాల్లో కార్పెట్ మీద మేమే చేయించాం. కాబట్టి తెనాలిలో మిషన్ లేదని టెన్షన్ పడకండి సుధగారూ.

తెనాలి పిల్ల
ఈ మాట చదివాక ప్రాణం కుదుటపడింది బావగారూ. నాకు మిషన్ లేకపోతే చింటూ ఇక నడవడేమో అన్న భయమే రోజూ.

డా. మూగజీవి
కరీంనగర్ తమ్ముడికి: తుంటి కీళ్ల కుక్కకి ఈత మంచిదే, ఒప్పుకుంటాను. బావిలో మాత్రం వద్దు, అలిసిపోతే ఎక్కే దారి ఉండదు. ఏటవాలుగా దిగే చోటు చూసి, లైఫ్ జాకెట్ వేసి, నువ్వు కూడా నీళ్లలో ఉండు. రెండు మూడు నిమిషాలతో మొదలుపెట్టు. చింటూని మాత్రం కాలువలో దించకండి. కుట్లు తీసినా కోత లోపల ఇంకా పూర్తిగా మానలేదు, బ్లాడర్ బలం లేదు, నిలవ నీళ్లలో లెప్టోస్పైరా (ఎలుకల మూత్రం ద్వారా వచ్చే జబ్బు) భయం ఒకటి.

బీచ్‌రోడ్ రెస్క్యూ
విశాఖలో వీధి కుక్కలని చూసుకుంటాం. మాకు ఇలాంటివి నెలకి ఒకటైనా వస్తుంది, ఎక్కువ ఆటోలు, బైకులు గుద్దినవి. ఎవరూ రాయని రెండు విషయాలు రాస్తాను.

ఒకటి నేల. సుధగారూ, మీ ఇంట్లో గ్రానైటా, టైల్సా? ఏదైనా సరే, మంచి కాళ్లున్న కుక్కే దాని మీద జారుతుంది. చింటూ లేవాలని ప్రయత్నించి జారిన ప్రతిసారీ రెండు నష్టాలు: వెన్నుకి దెబ్బ, వాడి మనసులో భయం. మూడుసార్లు జారితే నాలుగోసారి ప్రయత్నించడం మానేస్తాడు. చిన్నపిల్లల ఫోమ్ పజిల్ మ్యాట్లు కొని వాడు తిరిగే దారంతా పరవండి. గోళ్లు కత్తిరించండి. వేళ్ల మధ్య బొచ్చు ఉంటే అది కూడా.

రెండోది పుండ్లు. కదలని కుక్కకి తుంటి ఎముక దగ్గర చర్మం ఒత్తుకుని పుండు పడుతుంది, ఒకసారి పడితే మానడానికి నెలలు. నాలుగు గంటలకోసారి పక్క మార్చండి. ఈడ్చుకునే కాళ్లకి పాత సాక్సులు వేయండి, కానీ రాత్రి తీసేయండి.

ల్యాబ్ నాన్న
అందరూ నా మొదటి పోస్టుకి వ్యతిరేకంగానే రాశారు. నేను అబద్ధం చెప్పలేదు, మా రాకీ నిజంగానే నడుస్తున్నాడు.

ఫిజియో రవళి
నడుస్తున్నాడని ఎవరూ కాదనలేదు అన్నా. ఒక చిన్న పని చేయండి. టైలర్ టేప్ తీసుకుని రాకీ రెండు తొడల చుట్టుకొలత కొలవండి, ఒకే ఎత్తులో, నిలబడి ఉన్నప్పుడు. సర్జరీ అయిన కాలు, కాని కాలు.

ల్యాబ్ నాన్న
కొలిచాను. మూడుసార్లు కొలిచాను, టేప్ తప్పేమో అని. మంచి కాలు 44 సెంటీమీటర్లు. సర్జరీ కాలు 38. సర్జరీ అయి నాలుగు నెలలు. నిలబడ్డప్పుడు ఆ కాలు వేళ్ల మీదే ఆనిస్తున్నాడని ఇప్పుడు గమనిస్తున్నాను. రోజూ చూసే కాలే. ఎలా చూడలేదో అర్థం కావట్లేదు. దీనికి ఇప్పుడు ఏదైనా చేయొచ్చా?

డా. మూగజీవి
చేయొచ్చు, ఆలస్యం ఏమీ కాలేదు. ముందు మీ సర్జన్‌కి చూపించండి, లిగమెంట్ కోసం ఎముక కోసి చేసిన సర్జరీ అయితే అది పూర్తిగా అతుక్కుందని ఎక్స్‌రే తీయించండి. ఆయన సరే అంటే కూర్చుని లేవడంతో మొదలుపెట్టండి. మన గుంజీళ్ల లాంటిది. మూలకి చేర్చి, సర్జరీ కాలు గోడవైపు ఉండేలా కూర్చోబెట్టండి, అప్పుడు ఆ కాలిని పక్కకి చాచి తప్పించుకోలేడు. లేచి నిలబడితే తినడానికి ఒక చిన్న ముక్క. పూటకి అయిదుసార్లు, మెల్లగా పదికి పెంచండి. మెల్లగా నడిపించండి, కుక్క పరుగెత్తితే మూడు కాళ్లతో మోసం చేయగలదు, మెల్లగా నడిస్తే నాలుగో కాలు వేయక తప్పదు.

రాకీ బరువెంత?

ల్యాబ్ నాన్న
41 కిలోలు. పెరుగన్నం అంటే ప్రాణం వాడికి.

డాలస్ బావ
బరువు గురించి మా డాక్టర్ చెప్పిన ఒక పరిశోధన ఎప్పుడూ గుర్తుంటుంది. 48 ల్యాబ్రడార్ పిల్లలని జంటలుగా చేసి, జంటలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం చూశారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్ల నొప్పులకి మందు అవసరమైన వయసు కూడా బాగా వెనక్కి జరిగింది. ఏ మందూ ఇవ్వలేదు, గిన్నె చిన్నదైంది అంతే.

తెనాలి పిల్ల
చింటూ 12 కిలోల 400 గ్రాములు. ఇది ఎక్కువా?

డా. మూగజీవి
అంకె కంటే చెయ్యి నమ్మండి. మీ పిడికిలి బిగించి వేళ్ల కణుపుల మీద రెండో చెయ్యి రాయండి, ఎముకలు గట్టిగా తగులుతాయి, అలా ఉంటే కుక్క మరీ చిక్కింది. చెయ్యి చాపి పైవైపు కణుపుల మీద రాస్తే పలుచటి చర్మం కింద ఎముకలు తెలుస్తాయి, పక్కటెముకలు అలా తగలాలి. అరచేతి వైపు రాసినట్టు మెత్తగా ఉంటే లావు.

తెనాలి పిల్ల
అరచెయ్యే.

కొత్త సభ్యుడు 88
నొప్పిగా ఉన్నప్పుడు ఎక్సర్‌సైజ్ చేయించడం పాపం కదా. ముందు ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ల సగం వేసి తర్వాత చేయించండి, మేం అలాగే చేస్తాం.

డా. మూగజీవి
దయచేసి వద్దు. మన డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పెట్టి, కిడ్నీలు పాడుచేస్తాయి. ఇప్పటికే స్టెరాయిడ్ ఇస్తున్న కుక్కకి వేస్తే కడుపులో రక్తస్రావమే. పశువులకి డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లో నిషేధించింది ఆ పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని, కుక్కల కోసం కాదు. అయినా కుక్కలకి అది మంచిది కాదు. నొప్పి ఉందనిపిస్తే ఎక్సర్‌సైజ్ ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి, కుక్కలకి వేరే మందులున్నాయి.

పిల్లుల అత్త
దీనికి ఇంకొకటి కలపండి. పిల్లికి పారాసిటమాల్ ఒక్క బిళ్ల చాలు ప్రాణం పోవడానికి. మా పక్కింటివాళ్లు వాళ్ల పిల్లిని అలాగే పోగొట్టుకున్నారు, మంచి చేద్దామనే వేశారు పాపం.

మా మల్లి మూడో అంతస్తు బాల్కనీ నుంచి పడి కటి ఎముక విరిగింది. పిల్లికి కాళ్లు ఆడిద్దామంటే గీరేస్తుంది. నేను ఏం చేశానంటే, అన్నం గిన్నె ఒక్కోసారి ఒక్కో చోట పెట్టేదాన్ని, నడవాలి కదా. తర్వాత అట్టపెట్టెలు పక్కపక్కన పెట్టి, దారానికి ఈక కట్టి మెల్లగా లాగేదాన్ని. రెండు నిమిషాలే. మూడో నిమిషం దాని ఇష్టం. చింటూకి కూడా వాడికి నచ్చింది ఏదో కనిపెట్టండి, సగం పని అదే చేస్తుంది.

తెనాలి పిల్ల
ఎనిమిది రోజుల తర్వాత రాస్తున్నా. స్కూల్లో పరీక్షలు, టైం దొరకలేదు.

బ్లాడర్ సంగతి డాక్టర్ గారు చెప్పినట్టే. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం, నిండా ఉందన్నారు, నొక్కడం నాకు నేర్పించారు. మొదటి రెండు రోజులు చేతులు వణికాయి. అయిదో రోజు నుంచి పెరట్లో గడ్డి మీద నడుం పట్టుకుని నిలబెడితే తనే పోస్తున్నాడు.

కాళ్లు ఆడించడం పొద్దున ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి నేను. మధ్యాహ్నం ఎవరు చేస్తారా అని బెంగపడుతుంటే అత్తయ్య "ఎలా చేయాలో చూపించు" అన్నారు. గన్నవరంలో డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని చూపించింది, చింటూ ఆ సేపంతా కళ్లు మూసుకుని పడుకున్నాడు. హింస కాదని అప్పుడు నమ్మారు. ఇప్పుడు ఆవిడ విష్ణు సహస్రనామం పెట్టుకుని, అది అయ్యేలోపు రెండు కాళ్లూ పూర్తి చేస్తున్నారు.

ఫిజియో రవళి
దీనికంటే మంచి టైమర్ ఉండదు!

తెనాలి పిల్ల
ఒక డౌటు. వేళ్ల మధ్య గిచ్చితే కాలు లాక్కుంటున్నాడు. అలా చేయించమన్నారు గన్నవరంలో. ఎందుకు?

డా. మూగజీవి
లాక్కున్నప్పుడు మడమ, మోకాలు, తుంటి మూడూ వాడి సొంత కండతోనే మడుచుకుంటాయి. మీరు మడిస్తే అది మీ బలం. గోరు గుచ్చకండి, వేళ్ల మధ్య చర్మాన్ని చక్కిలిగింత పెట్టినట్టు. లాగుతున్నప్పుడు కొద్దిగా పట్టి వదలండి. పూటకి మూడు, నాలుగు సార్లు చాలు.

ఇప్పుడు నిలబెట్టడం మొదలుపెట్టొచ్చు. పొట్ట కింద చుట్టిన దిండు, నాలుగు పాదాలూ సరిగ్గా కింద ఆనేలా మీ చేత్తో సర్దాలి, తిరగబడ్డ పాదంతో నిలబెట్టకండి. పది సెకన్లు, కూలబడేలోపే మీరే కూర్చోబెట్టండి. పడిపోయాక ఆపడం వేరు, పడకముందే ఆపడం వేరు. నిలబడడం వచ్చాక నడుం దగ్గర వేలితో అటు కొంచెం, ఇటు కొంచెం నెట్టండి, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది.

బీచ్‌రోడ్ రెస్క్యూ
నడిపించేటప్పుడు పొట్ట కింద పొడుగాటి తువ్వాలు వేసి పట్టుకోండి. బరువంతా మీరు ఎత్తేయకండి, కూలకుండా ఉండేంతే.

చక్రాల బండి గురించి కూడా అడుగుతారు, ముందే చెప్తున్నా. మేం ప్లంబింగ్ షాపులో పీవీసీ పైపులు, సామాన్ల ట్రాలీ చక్రాలు కొని చేసుకుంటాం.

ల్యాబ్ నాన్న
బండి అలవాటైతే కాళ్లు వాడడం మానేస్తుందంటారు కదా?

బీచ్‌రోడ్ రెస్క్యూ
కాళ్లు పైకి కట్టేస్తే అవును. పాదాలు నేలకి తగిలేలా ఎత్తు సరిచేస్తే అదే ఎక్సర్‌సైజ్. పదిహేను, ఇరవై నిమిషాలు మించకూడదు, బండిలో కుక్క పడుకోలేదు. మా దగ్గర భైరవికి నొప్పి తెలియదు, డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు. ఏడు నెలలు రోజూ బండి, తువ్వాలు, కాళ్లు ఆడించడం. ఇప్పుడు ఊగుతూ ఊగుతూ నడుస్తుంది. మెదడుతో సంబంధం లేకుండా వెన్నుపాము తనంతట తనే అడుగులు వేయిస్తుందట, డాక్టర్ గారు చెప్పాలి.

డా. మూగజీవి
అవును, దాన్ని స్పైనల్ వాకింగ్ అంటారు. అన్నింటికీ రాదు, వచ్చేవాటికీ నెలలు పడుతుంది. మీ ఓపికకి చేతులెత్తి దండం.

తెనాలి పిల్ల
41వ రోజు. నిన్న సాయంత్రం అత్తయ్య పెసరట్టు వేస్తున్నారు. చింటూ మ్యాట్ మీద కూర్చుని చూస్తున్నాడు. నేను పక్కనే పేపర్లు దిద్దుతున్నా. తల ఎత్తేసరికి నిలబడి ఉన్నాడు. ఎవరూ పట్టుకోలేదు. నాలుగు అడుగులు వేశాడు, అయిదో దానికి కుడి కాలు తిరగబడి కూర్చుండిపోయాడు. అత్తయ్య అట్లకాడ పొయ్యి మీద వదిలేసి కిందే కూర్చుని వాణ్ని పట్టుకుని ఏడ్చారు. అట్టు మాడిపోయింది.

బరువు 11 కిలోల 600 గ్రాములు. కుడి పాదం ఇంకా తిరగబడుతోంది, దానికి ఏం చేయాలి?

కరీంనగర్ కుర్రాడు
అక్కా!! మా ఇంట్లో అందరికీ చదివి వినిపించిన.

డా. మూగజీవి
పాదం ఎక్కడుందో మెదడుకి ఇంకా పూర్తిగా తెలియట్లేదు. రకరకాల నేలల మీద నడిపించండి: మ్యాట్, గడ్డి, మట్టి, గరుకు సిమెంటు. ఒక్కోటీ పాదానికి ఒక్కో కబురు పంపుతుంది. చీపురు కర్రలు కానీ, సన్నటి పైపులు కానీ నాలుగు నేల మీద పడుకోబెట్టి, వాటి మధ్య వాడి పొడుగంత దూరం ఉంచి మెల్లగా దాటించండి. ఎత్తు పెట్టొద్దు, పొట్టి కాళ్లకి నేల మీదున్న కర్రే చాలు. ఇంకో రెండు వారాలయ్యాక రెండు కుండీల చుట్టూ 8 అంకె వేసినట్టు తిప్పండి. అడుగులు వేశాడు కదా అని బోను తీసేయకండి. ఇప్పుడే జాగ్రత్తగా ఉండాలి, వాడికి ధైర్యం వచ్చింది, వెన్నుకి ఇంకా రాలేదు.

ల్యాబ్ నాన్న
రాకీ తొడ 40కి వచ్చింది. ఎక్స్‌రే బాగుంది. పెరుగన్నం సగానికి తగ్గించి సొరకాయ ముక్కలు ఉడకబెట్టి కలుపుతున్నాం, మొదటి రెండు రోజులు అలిగాడు. 39 కిలోలు ఇప్పుడు. సుధమ్మా, మొదట్లో కదపొద్దని రాసినందుకు మన్నించు.

తెనాలి పిల్ల
అయ్యో, అంత మాటెందుకు అన్నయ్యా. మీ 38 సెంటీమీటర్లు చదివిన రోజే నేను మధ్యాహ్నం సెషన్ మానకూడదని గట్టిగా అనుకున్నా.

ఇంకొక్కటి అడిగి ఆపేస్తా. దివాన్ కాట్ అమ్మేద్దామంటే అత్తయ్య పడుకునేది దాని మీదే, వాడు రాత్రి ఆవిడ కాళ్ల దగ్గరే పడుకోవాలి. కార్పెంటర్‌తో ఏటవాలు బల్ల చేయిస్తున్నాం. ఎంత పొడుగు ఉండాలి?

బీచ్‌రోడ్ రెస్క్యూ
మంచం ఎత్తుకి కనీసం మూడింతలు, నాలుగింతలైతే ఇంకా మంచిది. రెండు పక్కలా చిన్న అంచు కొట్టించండి. పైన గోనెపట్ట బిగిస్తే జారదు.

డా. మూగజీవి
బల్ల మీద ఎక్కడం, దిగడం డాక్టర్ చూసి సరే అన్నాకే. అప్పటిదాకా రాత్రి బోనుని ఆవిడ మంచం పక్కనే పెట్టండి, చెయ్యి చాపితే వాడికి తగిలేలా.

తెనాలి పిల్ల
బోను జరిపేశాం. గోనెపట్ట అంచులు అత్తయ్య కుడుతున్నారు.